పట్టీకి ఈ కొసన

ఫిబ్రవరి 3, సోమవారం

అక్క ఇవాళ నోరు తెరిచి ఒకటి అడిగింది. మా ఇంటికి వచ్చాక ఇదే మొదటిసారి. "పొద్దున్నే నాతో పరిగెత్తుతావా?" అంది.

నవ్వొచ్చింది నాకు. కళ్ళెదురుగా బస్సు వెళ్ళిపోతున్నా నడిచే మనిషిని నేను. ఆ మాటే అన్నాను.

"నీకు పరుగు రాదని నాకు తెలీదా? కళ్ళున్నాయిగా, అవి చాలు," అంది గోడ వైపు తిరిగే.

ఇరవై ఏళ్ళు బడిలో డ్రిల్లు టీచరుగా పిల్లల్ని ఎండలో ఉరుకులు పెట్టించిన మనిషి. నీటికాసుల జబ్బు ముందు ఒక కన్ను, తర్వాత రెండోది తినేసింది. చలికాలం మొదట్లో ఇక్కడికి వచ్చింది. అప్పట్నుంచీ ఆ పక్కగది, ఆ మంచం, బాత్రూమ్. అంతే. భోజనం కూడా అక్కడికే. ఈల మాత్రం మంచం కోడుకి వేలాడదీసుకుంది.

సరే అన్నాను. ఎందుకన్నానో తెలీదు. కాదంటే ఇక ఏదీ అడగదేమోనని భయమేసింది.

ఫిబ్రవరి 5

మా ఆయన షాపులో ఒక పాత సూట్‌కేసు పట్టీ కోసి, రెండు చివర్లా ఉంగరాల్లా మడిచి కుట్టుకొచ్చాడు. ఒకటి అక్క చేతికి, ఒకటి నా చేతికి. బ్యాగులు బాగుచేసే చేతులు కదా, కుట్టు గట్టిగానే ఉంది.

"వదినగారూ, పట్టీకి గ్యారంటీ ఇస్తాను. పట్టుకునేవాళ్ళకి మాత్రం ఇవ్వలేను," అన్నాడు నా వంక చూస్తూ.

జోకులకేం తక్కువ లేదు. రేపు పొద్దున్న లేచేది ఆయన కాదుగా.

ఫిబ్రవరి 6

చచ్చాను.

మా సందు, రెండు వీధులు, కాలువ మీద వంతెన, పార్కు, పార్కు చుట్టూ బాట, మళ్ళీ వెనక్కి. ఇదీ దారి. సగానికే నా ఊపిరి ఈలలు వేసింది. అక్కకి చెమట కూడా పట్టలేదు.

బయల్దేరే ముందు గుమ్మంలో నిలబెట్టి పాఠం చెప్పింది. "ఒసే రేడియో, విను." చిన్నప్పట్నుంచీ నాకు అదే పేరు, ఎవరు వింటున్నారో చూసుకోకుండా వాగుతానని. "మెట్టు రాకముందే మెట్టని చెప్పాలి. నేను తన్నుకున్నాక చెబితే అది వార్త. నాకు వార్తలు అక్కర్లేదు."

"ఎడమకి. గుంట. కుక్క. రాయి. ఇప్పుడు ఎత్తు. పార్కు గేటు, మెట్టు ఉంది, ఎక్కు." అరిచి అరిచి నా గొంతు ఆర్చుకుపోయింది. గేటు దగ్గర మెట్టు కాస్త పెద్దది. నేను అనగానే అక్క మోకాలు పైకెత్తి, ఒక్క క్షణం కూడా తడబడకుండా ఎక్కేసింది. కనపడని చోట అలా కాలు ఎలా వేస్తారో నాకు అర్థం కాదు.

పార్కులో నేను మాట్లాడడం ఆపితే, కాసేపాగి "ఉన్నావా?" అని అడిగింది.

"ఉన్నా," అన్నాను రొప్పుతూ.

వంతెన మీద మళ్ళీ. "ఉన్నావా?"

"ఉన్నానే బాబూ."

ఫిబ్రవరి 7

మెట్లు వెనక్కి దిగాల్సి వచ్చింది. తొడలు అలా పట్టేశాయి.

ఫిబ్రవరి 12, బుధవారం

మా రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్లకి కొత్త మెషిన్ ఇవాళ మొదలుపెట్టారు.

రెండు వారాల కింద నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి ముక్కలు ముక్కలుగా చెప్పించారు. అంకెలన్నీ, ఊళ్ళ పేర్లన్నీ, "రావలసిన", "ఆలస్యముగా", "దయచేసి", "మరికొద్ది సేపట్లో". ఎందుకో అడిగితే మా ఆఫీసర్ నిశ్శబ్దంగారు పెదాలు కదిపాడు. ఆయన మాట పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడదు. పదిహేనేళ్ళ నుంచీ పెదాలు చూసే అర్థం చేసుకుంటున్నాం. "మీకు శ్రమ తగ్గుతుంది," అన్నట్టున్నాడు.

తగ్గింది. ఇప్పుడు మెషిన్ ఆ ముక్కలు అతికించి తనే మాట్లాడేస్తోంది. అది మాట్లాడుతోందో లేదో చూడడం నా ఉద్యోగం. నా గొంతుకి నేను కాపలా.

టికెట్ల కౌంటర్ ఆవిడ "ఎంత హాయో నీకు" అంది. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఏప్రిల్ నుంచి నన్ను పార్సిళ్ళ గదిలో వేస్తారని కూడా ఆవిడే చెప్పింది. వేస్తే వేయనీ. నేను దాని గురించి ఆలోచించడం లేదు.

ఏ పనీ చెయ్యకపోతే ఇంత అలసట ఎందుకు వస్తుందో.

ఫిబ్రవరి 17

ఇప్పుడు పరుగు తేలికైపోయింది. దారంతా నోటికి వచ్చేసింది. ఎడమకి, గుంట, ఎత్తు, గేటు, మెట్టు. నోరు దాని పని అది చూసుకుంటుంది. నేను నా ఆలోచనల్లో ఉంటాను. పొద్దున్నే పరిగెత్తితే మనసు తేలికపడుతుందని అంటారు కదా, ఇదే కాబోలు. ఎటు వెళ్ళామో ఎటు వచ్చామో తెలీకుండానే ఇల్లు వచ్చేస్తోంది.

అక్కే ఊరుకోదు. ఇవాళ ఎన్నిసార్లు అడిగిందో "ఉన్నావా" అని.

విసుగొచ్చి, "లేకపోతే పట్టీకి ఈ కొసన దెయ్యం ఉందా?" అన్నాను.

"దెయ్యమైతే కనీసం భయపెట్టేది," అంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

అక్క ఇవాళ ముందుగదిలోకి వచ్చి మాతోపాటు కూర్చుని అన్నం తింది. ఎవరూ పిలవలేదు. గోడ పట్టుకుని తనే వచ్చి, కుర్చీ తడుముకుని కూర్చుంది. నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం, ఏమీ అనలేదు. అంటే ఎక్కడ లేచిపోతుందోనని.

అక్క షాపు సంగతి అడిగితే మా ఆయన అలవాటుగా, "ఏదో, పోయిన నెల కంటే గుడ్డిలో మెల్ల," అనేసి నాలిక కరుచుకున్నాడు.

"మెల్ల కూడా లేనిదాన్ని నేనిక్కడ కూర్చునుంటే మీరు గొప్పలు పోతారేంటి మరిదిగారూ?" అంది అక్క.

ముగ్గురం నవ్వాం. నాకైతే పొలమారింది. అక్క నవ్వు విని ఎంతకాలమైందో. పాత నవ్వే, గట్టిగా, బడి మైదానం అవతలికి వినపడేట్టు.

సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి, కింద పిల్లలు గొడవ చేస్తుంటే ఈల వేసింది. వీధి వీధంతా గప్‌చిప్. తర్వాత ఎవరో "ఎవర్రా అది?" అన్నారట. పడుకునేదాకా అదే చెప్పుకుని మురిసిపోయింది.

ఆ పరుగు ఒక్కటీ ఉంటే చాలు ఈ మనిషి బతుకుతుంది. నా నిద్ర పోతే పోయింది.

ఫిబ్రవరి 24

పేరు రాసేశారట. ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి పార్సిళ్ళు. నిశ్శబ్దంగారు పెదాలు కదిపితే నేను కావాలనే అర్థం కానట్టు చూశాను.

ఫిబ్రవరి 26

బస్సు లేటు. నడిచి వచ్చాను. పార్కు గేటు దగ్గర పైపు కోసమని తవ్వేసి, మెట్టు పీకి పక్కన పారేశారు. చెప్పుల నిండా మట్టి. తవ్వడం తప్ప వీళ్ళకి వేరే పని ఉండదు. కూరగాయలు మర్చిపోయాను. మళ్ళీ వెళ్ళే ఓపిక లేదు. మెషిన్ ఇవాళ ఒక ఊరి పేరు రెండుసార్లు చెప్పింది. అదీ నా గొంతుతోనే.

ఫిబ్రవరి 27

అక్క కాలు జారింది. ఎడమ మణికట్టు విరిగింది. గడ్డం కింద కుట్లు పడ్డాయి.

ఫిబ్రవరి 28

అక్కడంతా తడి మట్టి. ఎవరైనా జారేవాళ్ళే. చూపున్నవాళ్ళూ జారతారు.

మార్చి 2, ఆదివారం

అక్క గదిలోనే ఉంది. తలుపు వేసుకుంది. అన్నం లోపలికే.

"అసలు ఎలా పడింది?" అని మా ఆయన మళ్ళీ అడిగాడు.

"జారిందని చెప్పానుగా."

ఆయన పట్టీ తీసి చూశాడు, కుట్టు ఊడిందేమోనని. కుట్టు ఊడలేదు.

మార్చి 4

అక్క జారలేదు.

రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. ఎవరు చదువుతారు గనక. మా ఆయన నా పుస్తకం ముట్టుకోడు. అక్క ఎలాగూ చదవలేదు. ఛీ, ఏం మాట ఇది. కొట్టెయ్యను, ఉండనీ. నేను ఇలాంటిదాన్నే అని నాకు తెలియాలి.

ఆ పొద్దున నేను పార్సిళ్ళ గదిలో ఉన్నాను. అంటే మనసులో. అక్కడ నా కుర్చీ ఎటువైపు వేస్తారు, కిటికీ ఉంటుందా, ఆ మూటల దుమ్ముకి నా గొంతు ఏమైపోతుంది, అయినా ఇక గొంతుతో పనేముంది, నిశ్శబ్దంగారికి ఏం చెప్పి ఉండాల్సింది. ఆయనకి చెప్పాల్సిన మాటలు ఒక్కొక్కటే పేర్చుకుంటున్నాను. మంచి మంచి మాటలు దొరుకుతున్నాయి. పక్కన నా నోరు "ఎడమకి, గుంట, ఎత్తు" అంటూ ఉంది. అది నాకు వినపడడం కూడా లేదు.

గేటు వచ్చింది. "మెట్టు ఉంది, ఎక్కు," అంది నా నోరు.

అక్కడ మెట్టు లేదు. గొయ్యి ఉంది. ముందురోజు సాయంత్రమే ఈ రెండు కళ్ళతో చూశాను. చెప్పుల్లో మట్టి దులుపుకున్నాను. ఈ పుస్తకంలో రాసుకున్నాను కూడా. అయినా అన్నాను.

అక్క రోజూ లాగే మోకాలు పైకెత్తింది. మెట్టు మీద పెట్టాల్సిన కాలు గోతిలోకి వెళ్ళిపోయింది. పట్టీ నన్ను కూడా లాగింది. నేను మోకాళ్ళ మీద పడి ఆగాను. అక్క మొహం పైపు అంచుకి కొట్టుకుంది.

రోజూ పార్కులో దగ్గుతూ నడిచే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మేం దగ్గు తాత అనుకుంటాం. ఆయన పరిగెత్తుకొచ్చాడు. పాపం, ఆయన ఎప్పుడూ పరిగెత్తి ఉండడు. ఇద్దరం కలిసి పైకి లాగాం. గడ్డం నుంచి రక్తం కారుతోంది. అక్క అరవలేదు, ఏడవలేదు. మట్టిలో కూర్చుని, మొహం నాకు ఒకటిన్నర అడుగు పక్కకి తిప్పి అడిగింది.

"ఉన్నావా?"

నాకు జవాబు రాలేదు. పదిహేనేళ్ళు వాగి బతికినదాన్ని.

మార్చి 6, గురువారం

చెప్పేశాను.

అన్నం పళ్ళెం పెట్టి, తలుపు వేసి, కింద కూర్చున్నాను. "అక్కా, నువ్వు జారలేదు. అక్కడ మెట్టు లేదు. తీసేశారని నాకు ముందురోజే తెలుసు. తెలిసీ ఎక్కమన్నాను," అన్నాను.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నీకు రెండు గొంతులున్నాయే. ఒకటి ఇంట్లోది, ఒకటి స్టేషన్‌ది. మొదట్లో ఇంటి గొంతుతోనే చెప్పేదానివి. రొప్పుతూ, తిడుతూ, 'అబ్బ ఈ కుక్క చూడు' అంటూ. తర్వాత్తర్వాత వీధి చివరికి వచ్చేసరికి స్టేషన్ గొంతు వచ్చేసేది. అది వచ్చిందంటే నువ్వు లేవని లెక్క. అందుకే అడిగేదాన్ని."

"నేను ఉన్నాననేదాన్నిగా."

"అదీ స్టేషన్ గొంతుతోనే."

ఏడుపొచ్చింది. "మరి తెలిసీ ఎందుకు పరిగెత్తావు? ఆగిపోవచ్చుగా."

అక్క గడ్డం కింద ప్లాస్టరు గోకుతూ కూర్చుంది. "ఆగితే ఇంటికి రావాలి కదే," అంది. "ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే పరిగెత్తుతున్నాననుకున్నాను. ఫర్వాలేదనుకున్నాను. ఫర్వా ఉందని ఇప్పుడు తెలిసింది."

"ఇక మీదట..."

"వద్దులేవే. నీకూ నిద్ర పాడవుతోంది. పళ్ళెం తీసుకెళ్ళు."

ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. ఈల మంచం కోడుకి లేదు. ఎక్కడ పెట్టిందో అడగలేదు.

మార్చి 7

పొద్దున్నే లేవక్కర్లేదు. హాయిగా నిద్రపోయాను.

అబద్ధం. అదే వేళకి మెలకువ వచ్చింది. మంచం మీద కూర్చుని అక్క గది తలుపు చూస్తూ ఉన్నాను. అటువైపు కూడా మంచం కిర్రుమంది. తనూ లేచే ఉంది.

మార్చి 10, సోమవారం

ఒక్కదాన్నే వెళ్ళాను. పట్టీ చేతికి తగిలించుకున్నాను. రెండో చివర ఖాళీగా ఊగుతోంది. ఎందుకు తీసుకెళ్ళానో అడక్కూడదు.

ఒకటే నియమం పెట్టుకున్నాను. కళ్ళ ముందు ఉన్నదే పైకి చెప్పాలి. లేనిది చెప్పకూడదు. అంతే కదా, ఎంతసేపు అనుకున్నాను.

సందు దాటకుండానే తప్పు చెప్పాను. "గుంట" అన్నాను. గుంట ఎప్పుడో పూడ్చేశారు. ఎన్నాళ్ళ నుంచి అక్కని లేని గుంట తప్పించి పరిగెత్తించానో! వంతెన రెయిలింగు ఇనుముదనుకున్నాను. చెయ్యి వేసి చూస్తే సిమెంటు. పైన మంచు తడి, చెయ్యి జిల్లుమంది. ఇన్ని రోజులు ఈ పట్టీ పట్టుకుని పరిగెత్తిన దారిలో నేను చూసినది ఒక్కటీ లేదు.

పది అడుగులు ఉంటాను. తర్వాత చూసుకుంటే పార్సిళ్ళ గదిలోనో, ఆసుపత్రి బల్ల మీదో ఉంటాను. మళ్ళీ చెవి పట్టుకుని లాక్కొచ్చి "కాగితం. ఆకు. నా కుడి బూటు తాడు ఊడింది. చలి. గసపోస్తున్నాను" అని చెప్పుకోవాలి. ఈ మనసుని కూర్చోబెట్టడం కంటే పెంకి పిల్లాడికి నూనె రాయడం సులువు.

దగ్గు తాత ఎదురొచ్చాడు. "ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?"

"మా అక్కతోనండి."

"ఆవిడేదీ?"

"ఇంట్లో ఉంది."

తల ఊపి, దగ్గుకుంటూ, బాట అవతలి పక్కకి జరిగి నడిచాడు. ఆయన తప్పేం లేదు.

మార్చి 11

వెళ్ళాను. చెప్పుకోవడానికేం లేదు. ఎక్కువసేపు లేను.

మార్చి 14

ఇవాళ నా మీద అరిచారు. రాసుకోవాలి.

మధ్యాహ్నం బండి మూడో ప్లాట్‌ఫారం మీదకి రావాలి. మెషిన్ అదే చెప్పింది, దయచేసి గమనించగలరు అని కూడా అంది. కానీ కిటికీలోంచి చూస్తే బండి ఒకటో దాని మీదకి తిరుగుతోంది. జనం అంతా మెట్లెక్కి అటు పోతున్నారు. ఒక ముసలామె రెండు చేతుల్లో రెండు సంచులు, చంకలో ఒక మూట. ఒక్కో మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకుంటోంది.

మెషిన్ ఆపేసి మైకు లాక్కున్నాను. "అమ్మా, మెట్లెక్కుతున్న పెద్దమ్మా! మూటున్నావిడా! ఆగండి, ఎక్కకండి. బండి ఇటే వస్తోంది, ఒకటో దాని మీదకే. నాకు కనిపిస్తోంది. మిగతావాళ్ళు కూడా తిరిగొచ్చెయ్యండి. మెల్లిగా, తోసుకోకండి, ఇంకా టైముంది."

స్టేషనంతా నవ్వింది. ముసలామె పైకి చూసి, ఎటు చూడాలో తెలీక గడియారానికి దణ్ణం పెట్టింది.

నిశ్శబ్దంగారు తలుపు తోసుకుని వచ్చాడు. "ఇదేమన్నా మీ ఇల్లా?" అని అరిచాడు. అరిచాడు! పక్క గదిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆయనకి గొంతుందని పదిహేనేళ్ళకి తెలిసింది.

నాకు కోపం రాలేదు. అలసటగా ఉంది, కానీ ఇది పని చేసిన అలసట. ఎలాగూ పార్సిళ్ళకే కదా.

మార్చి 17, సోమవారం

స్నానంలో తడవకుండా కట్టు మీద కవరు చుట్టడానికి వెళ్తే అక్క అడిగింది. "పొద్దున్నే తలుపు చప్పుడు ఎవరిదే? మరిదిగారు అంత పెందలాడే లేచే రకం కాదే."

"నాదే."

"ఎక్కడికి?"

"పరుగుకి."

"నువ్వా? ఒక్కదానివా?"

"పట్టీ కూడా వస్తోంది," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇవాళ దారిలో ఏముంది?" అంది.

మొదలుపెట్టాను. సందు మొదట్లో స్కూటర్ అడ్డంగా పెట్టారు. రెండో వీధిలో మేడ కడుతున్నారు, కంకర బాట మీదికి వచ్చింది. వంతెన కింద నీళ్ళు తక్కువగా...

"నీళ్ళు ఇవాళ చూశావా, నిన్న చూశావా?"

ఆలోచించాను. "నిన్న."

"ఇవాళ్టివి చెప్పు."

"ఇవాళ చూడలేదక్కా. వంతెన మీద నేను లేను."

"అలా చెప్పు మరి," అంది. "చూడలేదని చెప్పు. ఆ మాట నేను నమ్మగలను."

మార్చి 20

రోజూ ఒప్పజెప్పాల్సి వస్తోంది. బడిలో పిల్లలు ఈవిడంటే ఎందుకు అలా వణికేవాళ్ళో ఇప్పుడు అర్థమైంది. గేటు దగ్గర గొయ్యి ఎంత లోతు, పైపు దించారా, మట్టి ఏ పక్కన పోశారు? తెలీదంటే తిట్టదు. తెలీనిది తెలిసినట్టు చెబితే మాత్రం గొంతులోనే పట్టేస్తుంది.

ఇవాళ "దగ్గు తాతకి తగ్గిందా?" అని అడిగింది. తగ్గలేదన్నాను. "నీకేం తెలుసు, విన్నావా?" అంది. విన్నాను. నిజంగానే విన్నాను. మూడుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మాడు.

మార్చి 29

గేటు దగ్గర పైపు దించేశారు. గొయ్యి ఇంకా పూడ్చలేదు.

అక్క ముందుగదిలోకి రాలేదు. రమ్మని నేనూ అనలేదు.

ఏప్రిల్ 1

పార్సిళ్ళ గది. కిటికీ లేదు. దుమ్ము. బయట నా గొంతు బండ్లని పిలుస్తూ ఉంది, నేను లోపల కూర్చుని వింటున్నాను. బాగానే మాట్లాడుతోంది పాపం.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచమ్మీద పడ్డాను.

ఏప్రిల్ 11

అక్క కట్టు విప్పారు. చెయ్యి సన్నబడిపోయింది. మెల్లిగా నడవొచ్చు అన్నాడు డాక్టర్. పరుగు మాట నేనే అడిగాను. ఇంకోసారి పడకూడదు అన్నాడు.

ఏప్రిల్ 14, సోమవారం

పొద్దున లేచి పట్టీ కోసం మేకు తడిమితే లేదు. అక్క గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. బూట్లు వేసుకుంది. పట్టీ ఒక కొస తన చేతికి ఉంది, రెండో కొస పక్కన ఖాళీగా పెట్టి ఉంది. మెడలో ఈల.

"నడకే," అంది. "డాక్టర్ చెప్పాడుగా."

"నడకే," అన్నాను.

ఉంగరంలోకి చెయ్యి దూర్చడానికి రెండుసార్లు పట్టింది. పెళ్ళిరోజున కూడా ఇంత భయపడలేదు.

సందు, స్కూటర్, కంకర. అక్క అడుగు చిన్నదైపోయింది. ఇదివరకు మెట్టు అంటే మోకాలెత్తేసే మనిషి, ఇప్పుడు ముందు కాలి బొటనవేలితో నేల రాసి చూసుకుంటోంది. నా మాట మీద నమ్మకం అంతే మిగిలింది. అయినా చూపు తిప్పుకోలేదు. చూడడమే కదా నా పని.

గేటు దగ్గరికి వచ్చాం. గొయ్యి మీద ఏదో అడ్డంగా ఉంది. నిన్న లేదు.

"ఆగక్కా. ఇక్కడ ఏదో కొత్తది ఉంది. ఏంటో తెలీదు."

ఆగింది.

వంగి చెయ్యి పెట్టి చూశాను. కాలు వేసి తొక్కాను. "చెక్క. వెడల్పుగానే ఉంది. ఊగుతోంది, ఎడమ పక్క ఎక్కువ. కింద గొయ్యి. ముందు నేను వెళ్తాను, నా చెయ్యి పట్టుకో."

దాటాం. అవతల దగ్గు తాత నిలబడి చూస్తున్నాడు. "మీ అక్కగారు వచ్చారే," అన్నాడు ఊపిరి పీల్చుకుని. నాకు మతి బాగానే ఉందని ఇప్పటికి నమ్మినట్టున్నాడు.

పార్కు బాట మీద అక్క నడక కొంచెం వేగం పెరిగింది. నేనేం అనలేదు. ఇంకొంచెం పెరిగింది. ఇది నడకేనని ఇద్దరం ఒప్పుకున్నాం గనక ఎవరం ఏం అనలేదు. పట్టీ సన్నగా ఊగుతోంది. ఎండ అప్పుడే చెట్ల మీంచి దిగుతోంది. ఆకు. బెంచీ. తడి గడ్డి వాసన. నా గస. పక్కన అక్క గస. ఇన్నాళ్ళూ అక్కకి చెమటే పట్టదనుకున్నాను. పడుతుంది. జుట్టు మొదట్లో.

అంతలో నాకు తెలీకుండానే, నిన్న ఎటు పంపానో గుర్తురాని ఒక మూట కోసం పార్సిళ్ళ గదిలో వెతుకుతున్నాను. ఎంతసేపు వెతికానో. ఉలిక్కిపడ్డాను. గొంతులోకి "మలుపు, ఎడమకి" అన్న మాట దానంతట అదే వచ్చేస్తోంది, మెత్తగా, తప్పు లేకుండా, ఆ గొంతుతోనే. మింగేశాను.

"అక్కా, ఆగు. నేనిప్పుడు ఇక్కడ లేను. పార్సిళ్ళలో ఉన్నాను."

అక్క టక్కున ఆగిపోయింది. పట్టీ బిగుసుకుంది. తిడుతుందని, ఇక ఇంటికి పదమంటుందని అనుకున్నాను. నా వైపు మొహం తిప్పింది. ఈసారి సరిగ్గా నా మొహం ఉన్న చోటికే తిప్పింది. పెదవి చివర వణికింది. ఏడుపో నవ్వో చెప్పలేను, నాకు తెలీదు.

"తొందరేం లేదు," అంది. "వచ్చాక చెప్పు."

నిలబడ్డాం. ఎవరో పరిగెత్తేవాళ్ళు మా పక్కనుంచి పోయారు. నా గుండె కొట్టుకోవడం విన్నాను. బూటు కింద ఇసుక కరకరమంది. మలుపు దగ్గర ఒక చెంబు దొర్లిపడి ఉంది, ఏ జన్మలోనూ లేని చెంబు, సరిగ్గా బాట మధ్యలో.

"వచ్చాను," అన్నాను. "ఎడమకి మలుపు. మధ్యలో చెంబు ఉంది, కుడి పక్కనుంచి రా."

కుడి పక్కనుంచి వచ్చింది. బొటనవేలితో రాసి చూసుకోలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు వంతెన మీద చెప్పడానికేం లేదు. దారి ఖాళీ. కింద నీళ్ళు మోకాలి లోతు ఉన్నాయి, ఇవాళ చూశాను. మిగతాదంతా ఊరికే నడిచాం. ఎప్పుడూ అక్కడే "ఉన్నావా" అని అడిగేది. సరే, అడుగుతుంది, అడిగితే ఇంటి గొంతుతోనే చెప్పాలని సిద్ధంగా ఉన్నాను. వంతెన అయిపోయింది. రెండు వీధులూ అయిపోయాయి. సందు వచ్చింది, గుమ్మం వచ్చింది, అక్క పీట మీద కూర్చుని బూటు తాళ్ళు విప్పుకుంటోంది.

అక్క ఇవాళ ఒక్కసారి కూడా అడగలేదు.